మూగ యాంప్లిఫయరూ, నా మొదటి రిపోర్టూ

ఈ సంగతి చెప్పకుండా నా నోరు ఇప్పటికీ ఊరుకోదు. ఐటీఐలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్పాను. రిటైరైన రోజు దండ వేసిన పిల్లలకీ చెప్పాను. వాళ్ళు అప్పటికే రెండుసార్లు విన్నారట, అయినా మర్యాదకి కూర్చున్నారు. ఇప్పుడు మీకు రాస్తున్నాను. చేతిలో కొత్త మీటరుతో మొదటి ఉద్యోగానికి వెళ్ళబోతున్నవాళ్ళు మీలో ఉంటే ఇది ముందుగా వాళ్ళ కోసం. మిగతావాళ్ళు ఊరికే చదువుకోండి, నష్టమేమీ లేదు.

ఎనభైల మధ్యలో మాట. మా ఇంటా వంటా లేని డిగ్రీ నాకు వచ్చింది. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్, దుర్గ్ కాలేజీలో. నాన్న ఉక్కు ప్లాంటులో ఖలాసీ, అంటే బరువులు ఎత్తి, లాగి, దించే పని. జీతం రోజున వేలిముద్ర వేసేవాడు. అమ్మకి అక్షరాలు వచ్చు, నాకు తెలుగు రాయడం నేర్పింది అమ్మే. మేముండేది హిందీ రాష్ట్రం, బడిలో మాకంతా హిందీయే. మార్కుల కాగితం ఇంటికొచ్చిన రోజు నాన్న దాన్ని టిఫిన్ కేరియర్ సంచిలో పెట్టుకుని బి షిఫ్టుకి పట్టుకెళ్ళాడు. తిరిగి తెచ్చేసరికి దాని నిండా గ్రీజు మరకలే. సెక్షన్‌లో చదువొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందరూ ఒకసారి చేత్తో పట్టుకుని చూశారట. నేను ఏడ్చినంత పని చేశాను. నాన్న మాత్రం, "పట్టుకోనీయే, వాళ్ళ పిల్లలకీ వస్తాదేమో," అన్నాడు.

ఆ నెలంతా నేను మా పేట రిసాలిలో కనబడ్డవాళ్ళందరికీ డిగ్రీ గురించి చెప్పాను. పాలవాడికి చెప్పాను. రేషన్ షాపు క్యూలో నా ముందున్న ఆవిడకి చెప్పాను, ఆవిడ ఎవరో కూడా నాకు తెలియదు. తర్వాత ఉద్యోగం వచ్చింది, దాని గురించీ అలాగే చెప్పుకుంటూ తిరిగాను.

ఉద్యోగం సుపేలా బజారులో, జీఈ రోడ్డు మీద, కార్లకి స్టీరియోలు బిగించే దుకాణంలో. యజమానిని అందరూ సేఠ్‌జీ అనేవాళ్ళు. అప్పట్లో గల్ఫ్‌లో ఉన్న బంధువులు కారు స్టీరియోలూ, వాటి గొంతు పెంచే యాంప్లిఫయర్లూ తెచ్చి ఇచ్చేవాళ్ళు. వాటితో వచ్చే ఇంగ్లీషు పుస్తకాలు చదివి, బొమ్మ చూసి తీగలు పోల్చేవాళ్ళు సేఠ్‌కి కావలసి వచ్చింది. ఆడపిల్లని కారు పనికి పెట్టుకున్నాడని పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు. సేఠ్ పట్టించుకోలేదు. దుకాణం వెనక నాకొక బల్ల, ఒక టంకం పుల్ల, ముల్లుతో చూపించే మీటరు ఒకటి ఇచ్చాడు. ఆ మీటరుని నేను రోజూ పొద్దున్నే పాత బనీను ముక్కతో తుడిచేదాన్ని.

కార్లలో బిగించే పని ఉస్తాద్‌ది. ఆయన పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, తండ్రి ప్లాంటులో చేసి పోయాడు. ఈయన ఎనిమిదో తరగతి దాటలేదు. పదకొండేళ్ళుగా ఆ దుకాణంలో ఉన్నాడు. తీగకి తీగ కలపాలంటే టంకం వేసేవాడు కాదు, వేళ్ళతో మెలితిప్పి టేపు చుట్టేవాడు. ఆ మెలికలు జడ అల్లినట్టుండేవి. అయినా నా పుస్తకంలో మెలిక తప్పు అని రాసి ఉంది. నేను వచ్చిన వారానికే ఆ మాట ఆయనకి చదివి వినిపించాను. ఆయన నవ్వి, "పుస్తకం రాసినాయన ఈ రోడ్డు మీద కారు నడిపాడా బేటీ?" అని అడిగాడు. నాకు కోపం వచ్చింది.

ఇక అసలు సంగతి.

శ్రావణంలో ఒక గురువారం, ఎడతెరిపి లేని వానలో, ఒక ఫోర్‌మాన్ గారు తెల్ల కారు వేసుకుని వచ్చారు. ప్లాంటులో మా నాన్న పనిచేసే చోటికి పక్క సెక్షన్ ఆయన. విజయనగరం మనిషి, మాట గట్టి. పాత కారు కొని దాన్ని కన్నకూతురిలా చూసుకునేవారు. బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన యాంప్లిఫయర్‌ని జ్యేష్ఠంలో మా ఉస్తాద్ చేతే డిక్కీలో బిగించుకున్నారు. తమ ఊళ్ళో రికార్డు చేయించుకున్న, జముకు వాయిస్తూ పాడే జముకుల కథల కేసెట్టు వేసుకుని, ఆదివారాలు కుమ్హారి దాకా ఊరికే వెళ్ళొచ్చేవారట. నెల రోజులు బ్రహ్మాండంగా పాడిందట. ఇప్పుడు చప్పుడు లేదు.

"పాట నేదు, గుర్రు నేదు, ఏటీ నేదు," అన్నారాయన. "సచ్చిపోయినట్టుంది."

ఆ రోజు ఉస్తాద్ దుర్గ్ వెళ్ళాడు, ఒక లారీకి హారన్లు బిగించడానికి. సేఠ్ నా వైపు చూశాడు. నేను అప్పటికే మీటరు పట్టుకుని లేచి ఉన్నాను.

డిక్కీ తెరిస్తే లోపల కొత్త కారులా ఉంది. అడుగంతా ఎర్రగా, నున్నగా రంగు వేసి ఉంది. ఒక మూల చెక్క పలక మీద యాంప్లిఫయర్. పాట తీగలు కాక, దానికి మూడు తీగలు. బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే లావు ఎర్ర తీగ, స్టీరియో వేసినప్పుడు దీన్నీ లేపే సన్న నీలం తీగ, కరెంటుని కారు ఇనుములోకి తిప్పి పంపే నల్ల తీగ. ఈ మూడోదాన్నే మా పనిలో ఎర్త్ అంటారు. ఈ మూడూ బాగుంటే యాంప్లిఫయర్ మీదున్న చిన్న ఆకుపచ్చ దీపం వెలగాలి. మీరు ఇంతవరకు గుర్తుపెట్టుకుంటే చాలు.

మీటరుకి కొలిచే తీగలు రెండు, లీడులు, ఉంటాయి కదా. నల్ల లీడుని డిక్కీ తాళం పడే ఇనుప కొక్కేనికి తగిలించాను. నిగనిగలాడే ఇనుము, మంచి పట్టు. అడ్డమొచ్చిన పాట తీగ పీకి పక్కన పెట్టి, ఎర్ర లీడు ఎర్ర తీగ మీద పెట్టాను. పన్నెండు వోల్టులు. నీలం తీగ మీద పెట్టాను. అక్కడా పన్నెండు. ఫ్యూజులు బాగున్నాయి. కరెంటు వస్తోంది, దీపం వెలగడం లేదు. అంటే యాంప్లిఫయరే పోయింది అనుకుని, దాన్ని విప్పి లోపల నా బల్ల మీదకి తెచ్చి, దుకాణం బ్యాటరీకి తగిలించాను.

అది పాడింది, శుభ్రంగా.

ఆ నిమిషం నాకెంత బాగుందో ఎలా చెప్పను? యాంప్లిఫయర్ బతికే ఉంది, కారులో కరెంటూ ఉంది, రెండూ కలిస్తే మాత్రం మౌనం. ఇలాంటి చిక్కు కోసమే కదా మూడేళ్ళు చదివాను అనిపించింది. పుస్తకంలో ఒక పేరా జ్ఞాపకం వచ్చింది. జాయింటు బలహీనమైతే మీటరుకి సరిపోయే చిటికెడు కరెంటు వస్తుంది, యాంప్లిఫయర్ నిజంగా తాగబోతే మాత్రం ఆగిపోతుంది. జాయింటు! ఉస్తాద్ మెలికలు!

ఒక్కటి మాత్రం దీనికి అతకలేదు. యాంప్లిఫయర్‌ని మళ్ళీ కారులో పెట్టి చూస్తున్నప్పుడు, స్టీరియో నుంచి పాట తెచ్చే తీగ గుచ్చితే ఆకుపచ్చ దీపం మసగ్గా, ఆరిపోబోయే అగరొత్తిలా, కొద్దిగా మిణుకుమంది. అది పీకేస్తే పూర్తిగా ఆరింది. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ మిణుకు. పాట తీగకీ దీపానికీ సంబంధమేమిటి? ఐదారుసార్లు గుచ్చి పీకాను. అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను.

తర్వాత బల్ల మీద కూర్చుని, దుకాణం ప్యాడ్ మీద, నా జీవితంలో మొదటి రిపోర్టు రాశాను. ఇంగ్లీషులో. యాంప్లిఫయర్ బాగుందనీ, లోపం బిగించిన పద్ధతిలో ఉందనీ, టంకం లేని మెలిక జాయింట్లే కారణమనీ. కింద సంతకం, సంతకం పక్కన బీఎస్సీ. దీపం మిణుకుమన్న సంగతి అందులో లేదు.

ప్లాంటులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషికి కాగితం మీద సంతకమంటే ఎంత గురో నాకప్పటికి తెలియదు. ఫోర్‌మాన్ గారు ఆ రిపోర్టు రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళారు. మర్నాడు శుక్రవారం, దుకాణంలో మరో ముగ్గురు గిరాకీలు ఉండగా, దాన్ని సేఠ్ బల్ల మీద పరిచారు. ఉస్తాద్ అక్కడే ఉన్నాడు.

ఫోర్‌మాన్ గారు చెప్పిందంతా ఇక్కడ రాయను. చేతకానివాడి చేతికి కారు ఇచ్చాననీ, ప్లాంటులో అయితే గేటు బయటికి పంపేవాడిననీ అన్నారు. ఉస్తాద్ ఒక్కసారి డిక్కీ తెరిచి చూస్తానన్నాడు. "నువ్వు ముట్టుకోకు," అన్నారాయన. "నీ సెయ్యి పడ్డ కాణ్ణుంచే ఇదంతా."

సేఠ్ ఒకసారి నలుగురి మొహాలూ చూశాడు, ఒకసారి రిపోర్టు చూశాడు. రేపటి నుంచి రానక్కర్లేదని ఉస్తాద్‌తో హిందీలో మెల్లిగానే చెప్పాడు. పదకొండేళ్ళ పని ఒక వాక్యంలో అయిపోయింది. ఉస్తాద్ నన్ను ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని, గొడుగు తీసుకుని, వానలోకి వెళ్ళిపోయాడు. ఏదైనా అని ఉంటే నేను పుస్తకం తీసి ఆ పేరా చూపించేదాన్ని.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఫోర్‌మాన్ గారు మా సెక్షన్‌కొచ్చి సెప్పారమ్మా. మీ పిల్ల ఇంగిలీసులో రిపోట్ రాసింది, ఇంజినీర్లు కూడా అలాగ రాయలేరు అని." అమ్మ సేమ్యా పాయసం చేసింది. నేను రెండు గిన్నెలు తిన్నాను. ఆ మనిషి ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో అన్న ఆలోచన నాకు రెండో గిన్నె మధ్యలో వచ్చింది. వచ్చాక చెంచా బరువెక్కింది.

శనివారం పొద్దున్నే ఆ కారు నాకు అప్పగించారు. ఫస్టు షిఫ్టు దిగి మూడింటికల్లా ఫోర్‌మాన్ గారు వస్తారు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కొత్త ఎర్ర తీగ లాగాను, సీట్ల కింద నుంచి, కాళ్ళ పట్టాల కింద నుంచి. ప్రతి జాయింటుకీ టంకం వేశాను. ఉస్తాద్ మెలికలు విప్పి చూశాను. టేపు లోపల రాగి కొత్తగా మెరుస్తోంది. ఒక్క పోగు కూడా నల్లబడలేదు. అయినా నా చేతులు పని ఆపలేదు. అన్నీ బిగించి, స్టీరియో వేశాను.

చప్పుడు లేదు.

నల్ల లీడు కొక్కేనికి, ఎర్ర లీడు ఎర్ర తీగకి. పన్నెండు వోల్టులు. ఇప్పుడు మెలికలు లేవు, టంకం నాది, తీగ కొత్తది. పాట తీగ గుచ్చితే అదే మసక దీపం, తీస్తే అదే చీకటి. నేను వదిలేసిన మిణుకు అక్కడే ఉంది. మిగతా అన్నీ మారినా అది మారలేదు.

తల ఎత్తి చూస్తే రోడ్డుకి అవతల చాయ్ బండి దగ్గర ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు. పనిముట్ల సంచి దుకాణంలోనే ఉండిపోయింది. సేఠ్ పిలిస్తే గానీ గుమ్మం తొక్కనని అక్కడే కూర్చున్నాడట, తొమ్మిదింటి నుంచీ.

ఆ రోడ్డు దాటడానికి నాకు పది నిమిషాలు పట్టింది. లారీలు అడ్డమొచ్చాయి అనుకోండి. ఒకటి రెండు నిజంగానే వచ్చాయి.

"కొత్త తీగ వేశావట," అన్నాడు నన్ను చూసి.

"వేశాను."

"పాడిందా?"

"లేదు."

నవ్వుతాడనుకున్నాను. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకున్నాడు. నిలబడే ఉండి దీపం సంగతి మొత్తం చెప్పాను, గుచ్చితే మిణుకు, పీకితే చీకటి. ఆయన సాసర్ కింద పెట్టేశాడు.

"ఈ మాట నీ రిపోర్టులో రాశావా?"

"లేదు ఉస్తాద్."

"ఎందుకని?"

"కారణం తెలియలేదు."

"తెలిసినవి రాయడానికి నువ్వెందుకు బేటీ? అది సేఠ్ కూడా రాసుకుంటాడు." తర్వాత అడిగాడు. "మీటరు నలుపు ఎక్కడ పెట్టావ్?"

"డిక్కీ తాళం కొక్కేనికి."

"యాంప్లిఫయర్ కరెంటు తాగేది కొక్కెం నుంచా?"

నేను వెనక్కి తిరిగి కారు వైపు చూశాను.

"లోపలికి పోయే కరెంటు చూశావు. వాపసు వచ్చిందా చూశావా? వెళ్ళినదానికి ఇంటికి రావడానికి దారి ఉండాలి కదా. తలుపు మూసేస్తే కిటికీలోంచి దూరుతుంది. పాట తీగ చుట్టూ ఉన్న జాలీ ఉంది చూడు, అదీ కిటికీ."

ఇక్కడ నాకు సిగ్గేసిందని రాయాలి. వేసింది కూడా, తర్వాత. కాని ఉన్నమాట చెబుతున్నాను, ముందు సంతోషం వేసింది. ఆ మిణుకుకి అర్థం దొరికింది! ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు పాట తీగ మీద అల్లిన సన్న జాలీ గుండా, స్టీరియో మీదుగా, దొడ్డిదారిన ఇంటికి వెళ్తోంది. ఆ దారి ఇరుకు, అందుకే దీపం మసక. ఈసారి రోడ్డు ఎలా దాటానో నాకు తెలియదు. చాయ్ బండివాడు వెనక నుంచి కేకేశాడు, చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయిందని.

ఈసారి నల్ల లీడుని కొక్కేనికి కాదు, యాంప్లిఫయర్ సొంత ఎర్త్ మర మీద పెట్టాను. ఎర్ర లీడు దాని పక్క మర మీద. ముల్లు కొంచెం లేచి, వణికి, పడిపోయింది. పన్నెండు వోల్టులు లేవు, ఎప్పుడూ లేవు. నేను గురువారం కొలిచింది కారుని, యాంప్లిఫయర్‌ని కాదు.

నల్ల తీగ వెంట వేలు పెట్టుకుని వెళ్తే డిక్కీ అడుగున అది ఒక స్క్రూ కింద ముగిసింది. స్క్రూ బిగువుగా ఉంది. దాని తల కూడా ఎర్రగా ఉంది. ఇనుముని ఇనుముకి బిగించిన చోట ఇంత రంగు ఎందుకుంది అనుకుంటూ ఉండగా ఫోర్‌మాన్ గారు సైకిల్ దిగారు.

గురువారం నేను ఆయన్ని ఏమైంది అని అడిగాను. కారుకి ఏం చేశారు అని అడగలేదు. ఇప్పుడు అడిగాను.

"బాబాయ్, పాట ఆగిపోకముందు ఈ డిక్కీలో ఏమైనా పని చేశారా?"

"నేనేటి సేస్తానమ్మా? ఏటీ సెయ్యనేదు." తర్వాత ఆయన మొహం వెలిగింది. "రంగేసాను, అంతే. నువ్వు సూసావా ఫినిషింగు? రెడ్ ఆక్సైడు, రెండు కోట్లు. వానకి నీళ్ళు దిగిపోతన్నాయి. అన్నీ ఇప్పి సూద్దును గదా, మీ ఉస్తాదు ఈ స్క్రూ కింద రంగంతా గీకేసి ఒగ్గేసాడు, బొట్టుబిళ్ళంత. పచ్చి ఇనుము. ఈ వానల్లో! మా సెక్షన్‌లో పచ్చి ఇనుము ఒగ్గేస్తే నేను మనిషిని నిలబెట్టి అడుగుతాను. ఆ స్క్రూని డబ్బాలో ముంచి మరీ బిగించాను. ఇంక పదేళ్ళు తుప్పు రాదు."

ఈ ఊరి సంగతి తెలిస్తే ఆయన్ని తప్పుపట్టలేరు. మాకు తుప్పంటే ఇంటి పరువు పోయినట్టు. వానాకాలం ముందు క్వార్టర్ల గేట్లు, కిటికీ ఊచలు, బట్టలారేసే స్తంభాలు అన్నీ ఎర్రబడతాయి. మా నాన్న నా చిన్నప్పటి మూడు చక్రాల సైకిల్‌కి కూడా వేశాడు, నా గౌన్ల మీద ఆ ఎరుపు రెండేళ్ళు వదల్లేదు. ఇక్కడ చెయ్యి ఖాళీగా ఉన్న మనిషికి ఇనుము కనిపిస్తే రంగేస్తాడు. అయితే రంగు గుండా కరెంటు వెళ్ళదు. ఉస్తాద్ గీకింది అందుకే.

సేఠ్‌కి హిందీలో అంతా చెప్పాను. ఆయనకి తెలుగు రాదు, ఫోర్‌మాన్ గారు చెప్పింది అర్థం కాలేదు. విని, గొంతు తగ్గించి, గీకేసి బిగించెయ్యి అన్నాడు. గిరాకీది తప్పని గిరాకీకి చెప్పకు. రిపోర్టు ఎలా ఉందో అలాగే ఉండనీ, బాగైపోయిందని అందాం. ఇకనుంచి బిగించే పని కూడా నీదే, బల్ల ముందుకి జరిపిద్దాం అన్నాడు. చెడ్డ మనిషి కాదు. దుకాణం నడిపే మనిషి.

రంగు గీకడానికి తెచ్చిన ఎమరీ పేపరు నా చేతిలోనే ఉంది. నాలుగు రుద్దులు రుద్దితే పాట వస్తుంది. నా రిపోర్టు నిలబడుతుంది. నాన్న సెక్షన్‌లో నా పేరు నిలబడుతుంది. ఉస్తాద్ చేతకానివాడుగానే మిగిలిపోతాడు. ఎమరీ పేపరు జేబులో పెట్టుకున్నాను.

"బాబాయ్, నేను రాసిన రిపోర్టు తప్పు," అన్నాను తెలుగులో.

"తప్పేటి? సంతకం ఉంది గదా."

"సంతకమూ నాదే, తప్పూ నాదే. ఉస్తాద్ సరిగ్గానే బిగించాడు. కరెంటు తిరిగెళ్ళే చోట మీరు రంగేశారు. నేను కొలవాల్సిన చోట కొలవలేదు. మధ్యలో ఆయన ఉద్యోగం పోయింది."

ఆయన జేబులోంచి ఆ కాగితం తీశారు. విప్పలేదు. డిక్కీలోకి చూశారు, తన రెండు కోట్ల రంగు వైపు, చాలాసేపు. అరుస్తారేమోనని సేఠ్ గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు.

"నిన్న నలుగురిలో అన్నాను ఆ మనిషిని," అన్నారు చివరికి. "ఏడీ?"

చాయ్ బండి వైపు చూపించాను. వెళ్ళి పిలుచుకురమ్మంటారనుకున్నాను. ఆయన పంట్లాం కొసలు మడుచుకుని, వాన నీళ్ళలోంచి తనే రోడ్డు దాటారు. అవతల ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. ఉస్తాద్ లేవలేదు. ఫోర్‌మాన్ గారు నిలబడే ఉన్నారు. బండివాడు ఆయనకీ ఒక గ్లాసు ఇచ్చాడు. ఉస్తాద్ తన చాయ్ పూర్తిగా, సాసర్ అడుగు దాకా తాగి, అప్పుడు లేచాడు. తిరిగి వస్తున్నప్పుడు కారు తాళం ఉస్తాద్ చేతిలో ఉంది.

నేను ఎమరీ పేపరు అందించాను. ఆయన నన్ను పక్కకి జరగమనలేదు, పక్కన ఉండమన్నాడు. స్క్రూ విప్పి, రంగు గీకడం మొదలుపెట్టాడు. కింద నుంచి ఇనుము తెల్లగా బయటపడుతుంటే ఫోర్‌మాన్ గారు రోడ్డు వైపు తిరిగిపోయారు. "నేను సూడనేను బాబూ, కానీ," అన్నారు.

ఇనుము మీద నల్ల తీగ, దాని మీద స్క్రూ. ఉస్తాద్ బిగించి, నా చేతిలోని నల్ల లీడు తీసుకుని, యాంప్లిఫయర్ మర మీద తనే పెట్టాడు. ఎర్రది నన్ను పెట్టమన్నాడు. ముల్లు ఒక్క ఊపున లేచి పన్నెండు మీద నిలబడింది. ఆకుపచ్చ దీపం నిండుగా వెలిగింది. ముందు సీట్లోంచి జముకుల మోత ఎంత గట్టిగా వచ్చిందంటే పక్క టైర్ల దుకాణంలో పనివాళ్ళు బయటికొచ్చారు. సేఠ్ చెవులు మూసుకున్నాడు. ఫోర్‌మాన్ గారు వెనక్కి తిరిగారు.

ఉస్తాద్ స్టీరియో గొంతు తగ్గించి ఆయనతో, "రంగు డబ్బా ఉందా?" అని అడిగాడు. లేకుండా ఎలా ఉంటుంది, సీటు కింద బ్రష్షుతో సహా ఉంది. "బిగించాక పైనుంచి వేసుకోండి, ఎంతైనా. కిందికి మాత్రం పోనివ్వకండి. ఈ మాట మీకు ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా తప్పు." ఫోర్‌మాన్ గారు వంగి, స్క్రూ చుట్టూ, పసిపిల్లకి కాటుక పెట్టినంత శ్రద్ధగా రంగు వేశారు.

నేను బల్ల దగ్గరికెళ్ళి రెండో రిపోర్టు రాశాను. మీటరు నల్ల లీడు ఎక్కడ పెట్టానో రాశాను, ఎక్కడ పెట్టాల్సిందో రాశాను, మిణుకు సంగతి అన్నిటికంటే పైన రాశాను. అప్పట్నుంచీ నా రిపోర్టుల్లో మొదటి వాక్యం నాకు అర్థం కాని సంగతే. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ ఆ అలవాటు బలవంతంగా అంటించాను. ఈ రిపోర్టు ఉస్తాద్‌కి తెలుగులో, సేఠ్‌కి హిందీలో చదివి వినిపించాను. ఫోర్‌మాన్ గారు ఇంగ్లీషుది తీసుకుని, సోమవారం మీ నాన్న సెక్షన్‌లో ఇది కూడా చదువుతాను అన్నారు. చదివారు కూడా. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి, "తప్పు రాసినా ఇంగిలీసులోనే రాసిందిలే," అన్నాడు. పాయసం మాత్రం లేదు.

కారు వెళ్ళిపోయింది. ఉస్తాద్ తన పనిముట్ల సంచి తీసి భుజాన వేసుకున్నాడు. సేఠ్ గల్లా పెట్టె మూత తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచాడు. చివరికి దాంట్లోకి చూస్తూనే, రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్యి, రెండు కార్లున్నాయి అన్నాడు.

ఉస్తాద్ గుమ్మంలో ఆగాడు. సంచి భుజం మీంచి దింపి, నా బల్ల కింద, ఎప్పుడూ పెట్టే చోట పెట్టాడు.

"రేపు ఆదివారం సేఠ్‌జీ," అన్నాడు. "చర్చి ఉంది. సోమవారం వస్తా."